నమూనా ఎంపికకు ఆధారం మిగలాలి

1975లో ఇక్రిశాట్ నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, డోకూరు గ్రామాలలో అధ్యయనం ఆరంభించినప్పుడు ఒక్కొక్క ఊరి నుండి 40 కుటుంబాలను ఎంచుకున్నది. వ్యవసాయ కూలీలు 10, చిన్న, మధ్యతరహా, పెద్ద రైతులు పదేసి చొప్పున. ఎంపిక నియమం స్పష్టంగా ఉన్నందుననే ఆ సమాచారం ఏ తరగతికి వర్తిస్తుందో నేటికీ చెప్పగలుగుతున్నాము.

నేడు రైతుల జాబితాలు డేటాబేసులలో ఉన్నవి. చీటీలకు బదులు ఒక్క క్వెరీతో నమూనా వెలువడుతున్నది. అయితే గ్రామం మారినప్పుడల్లా క్వెరీని చేతితో దిద్దుకుంటూ పోతే, ఏ నమూనా ఎట్లా వచ్చిందో తెలిపే ఆధారం మిగలదు. కావున గ్రామం, కమతపు తరగతి, నమూనా పరిమాణం, సీడ్ అనే ఆరంభ సంఖ్య, ఈ నాలుగింటిని చలరాశులుగా ఉంచి, ప్రతిసారి వాటి విలువలను భద్రపరచడం తప్పనిసరి అని నా అభిప్రాయం.

ఇందుకు అన్ని సాధనాలు అనుకూలించవు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోని టేబుల్‌శాంపిల్ చలరాశులను అంగీకరించదు. అంతకన్నా పెద్ద లోపం, అది విడివిడి వరుసలను గాక, అవి నిల్వ ఉన్న పేజీలను ఎంచుకుంటుంది. నల్లగొండ జిల్లా రైతుల పట్టిక గ్రామం, సర్వే నంబరు క్రమంలో నిల్వ ఉన్నదనుకొందాం. ఎంపికైన పేజీలలో మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాలువ కింది వరి రైతులే ఉండి, దేవరకొండ మెట్ట రైతుకు చోటు దక్కకపోవచ్చు. అట్టి నమూనా సగటు జిల్లా సగటు కాజాలదు. న్యూఐడీతో వరుసలను కలగలిపి టాప్‌తో తీసుకుంటే పరిమాణం చలరాశి కాగలదు గాని, అదే నమూనా మరల రాదు.

మేలైన మార్గం వేరు. ప్రతి రైతు గుర్తింపు సంఖ్యకు సీడ్‌ను జోడించి హాష్ విలువ గణించాలి. గ్రామం, తరగతి వారీగా ఆ విలువల క్రమంలో పేర్చి, మొదటి నుండి కావలసినన్ని వరుసలు తీసుకోవాలి. జాబితా ప్రతిని కూడా భద్రపరిస్తే ఎవరైనా అదే నమూనాను తిరిగి పొందగలరు. సీడ్‌ను ముందే ప్రకటించాలి. నచ్చిన పేర్లు వచ్చేవరకు దానిని మార్చడం ఎంపిక కాదు, ఏరుకోవడం.

జాబితాలో లేనివారిని ఏ క్వెరీ కూడా ఎంచలేదు. పట్టాదారుల జాబితాలో భూమిలేని కౌలురైతు, కూలీ ఉండరు. వారి కొరకు ఇంటింటి జాబితా ముందుగా సిద్ధం కావాలి.

పరిశోధన వ్యాసాలలో నేల స్వభావం, వర్షపాతం తెలిపినట్లే క్వెరీ, సీడ్, జాబితా తేదీ కూడా ప్రచురించాలి. చెల్క నేలల రైతుకు ఒక వంగడాన్ని సిఫారసు చేసేటప్పుడు, ఎవరి పొలాలను చూసి ఆ మాట చెబుతున్నామో నిరూపించగలగడం మన బాధ్యత.