గల్ఫ్ వీసాలు: ఊరి ఏజెంటుకే నింద

ఇచ్ఛాపురం నుంచి బరంపురం దాకా సరిహద్దు పల్లెలలో గల్ఫ్ ఉద్యోగమంటే ముందుగా గుర్తుకు వచ్చేది నగరంలోని రిక్రూటింగ్ సంస్థ కాదు, ఊరిలోని ఏజెంటు. వెల్డర్లు, ఫిట్టర్లు కావాలని సంస్థ కబురు పంపగానే ఇంటింటికీ తిరిగి పాస్‌పోర్టులు సేకరించేదీ, ఇంటర్వ్యూకు వెంట తీసుకువెళ్లేదీ అతడే. సాధారణంగా అతనికి నెలజీతం ఉండదు; విమానమెక్కిన మనిషికి ఇంతని కమీషన్ ముడుతుంది.

చిక్కంతా ఇక్కడే ఉన్నది. మనిషి వెళితేనే ఆదాయం కనుక జీతం సంగతి గట్టిగానూ, పనిగంటల సంగతి మెల్లగానూ చెప్పడం అలవాటవుతుంది. తీరా అక్కడ పని మారినా, జీతం ఆగినా, అప్పుచేసి సొమ్ము కట్టిన కుటుంబం నిలదీసేది పక్కవీధిలోని అతణ్ణే. నగర సంస్థ మాత్రం తెరవెనుక ఉండిపోతుంది.

చట్టమూ అతనికి అండగా లేదు. 1983 నాటి వలసల చట్టం కేంద్రం వద్ద నమోదైన ఏజెంట్లనే గుర్తిస్తుంది. ఊళ్లలోని ఉప ఏజెంట్లకు అందులో చోటు లేదు. నమోదైన సంస్థ సైతం సేవారుసుముగా 30,000 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపి 35,400కు మించి తీసుకోరాదు. రసీదు ఇచ్చి తీరాలి.

కమీషన్ ఆశ చూపి ఊరివానిని ముందుకు తోసే సంస్థలే అతని మాటకు బాధ్యత వహించాలి. కుటుంబాలు సైతం ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో సంస్థ నమోదును సరిచూసుకుని, ఒప్పందం చదివించుకున్న తరువాతనే సొమ్ము చెల్లించాలి. మనవాడే కదా అని రసీదు అడగడం మానరాదు.