రూపాయికి జ్ఞాపకం వుంటుందా?

మా పక్కవాటా మామ్మగారి లెక్క ఒకటుంది. "వరసగా ముగ్గురూ ఆడపిల్లలే పుట్టారు. ఇక నాలుగో కాన్పు మగపిల్లాడు కాక ఏమవుతుంది? ఎప్పుడూ ఒకవైపే పడుతుందా ఏమిటి?" అంటారావిడ. వినేవాళ్ళకు ఇందులో తప్పేమీ కనిపించదు. అవును గదా అనిపిస్తుంది.

ఆవిడ కోడలు మాత్రం ఏమీ అనదు. మూడో కాన్పు చాలా కష్టమైంది. మళ్ళీ ఆ సాహసం వద్దని లేడీ డాక్టరు చెప్పింది కూడాను. మొన్న సంక్రాంతి సెలవుల్లో ఓ మధ్యాహ్నం మా వీధరుగుమీద ఈ మాటే వచ్చినప్పుడు, ఆ అమ్మాయి నావైపు తిరిగి, "టీచరుగారూ, మీరు లెక్కలు చెప్పినవారు. అత్తయ్యగారన్నది నిజమేనంటారా?" అని అడిగింది. మెల్లిగానే అడిగింది. కాని అది పరీక్ష పేపరులో ప్రశ్నలాంటిది కాదని నాకు తెలుసు.

ముప్ఫయ్యేళ్ళు బడిలో లెక్కలు చెప్పినదాన్ని. సంభావ్యత పాఠం నల్లబల్లమీద ఎన్నిసార్లు చెప్పానో! "రూపాయి ఎగరేస్తే బొమ్మ పడే అవకాశం సగం" అంటే పిల్లలు తలూపేవారు, పరీక్షలో రాసేవారు, ఇంటికెళ్ళి మామ్మగారిలాగే ఆలోచించేవారు. చేత్తో చెయ్యని పాఠం అంతే. అందుకని ఆ అమ్మాయికి జవాబు చెప్పకుండా, అరుగుమీద అల్లరి చేస్తున్న నలుగురు పిల్లల్ని దగ్గరికి పిలిచాను. ఇద్దరు మా మనమలు, ఇద్దరు మామ్మగారి మనమరాళ్ళు. తలా ఒక రూపాయిబిళ్ళా, ఒక కాగితమూ ఇచ్చాను.

"వరసగా మూడుసార్లు బొరుసు పడిందనుకోండి. నాలుగోసారి ఏం పడుతుంది? ముందు మీ ఊహ రాయండి" అన్నాను.

ముగ్గురు "బొమ్మ" అని రాశారు. మామ్మగారి పెద్ద మనమరాలు, తొమ్మిదేళ్ళది, పెన్సిలు కొరుక్కుంటూ కాసేపు ఆలోచించి "ఏమో" అని రాసింది.

ఒక్కొక్కరూ నూరుసార్లు ఎగరెయ్యాలి. పడింది పడినట్టు వరసగా రాయాలి. నచ్చలేదని ఒక్కటి కూడా కొట్టెయ్యకూడదు. ఇవీ షరతులు. ఇక చూడండి, గంటసేపు అరుగంతా రూపాయిల మోతే!

తరవాత, వరసగా మూడు బొరుసులు వచ్చిన చోటల్లా ఆ వెనక పడినదానికి ఎర్ర పెన్సిలుతో సున్న చుట్టమన్నాను. నాలుగు కాగితాల్లోనూ కలిపి అలాంటి సున్నలు 47 తేలాయి. వాటిలో బొమ్మలు 22, బొరుసులు 25.

మా పెద్ద మనమడు మొహం చిన్నబుచ్చుకున్నాడు. "అయితే బొరుసుల వెనక బొరుసే ఎక్కువ పడుతుందా, అమ్మమ్మా?"

"అదీ కాదురా. రేపు మళ్ళీ వేస్తే అటుదిటూ కావచ్చు. ఇంత చిన్న తేడా పట్టుకుని ఏదీ తేల్చకూడదు. మీరనుకున్నదే నిజమైతే ఈ సున్నల్లో సగానికి బాగా మించి బొమ్మలుండాలి. లేవు గదా!"

"మరి చివరికి సగం సగం వస్తుందంటావు. వెనకబడ్డ బొమ్మలు తరవాత ఎక్కువ పడకపోతే ఎలా సరిపోతుంది?"

మంచి ప్రశ్న. పెద్దవాళ్ళలో చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. దీనికి నేను చెప్పిన జవాబు ఒక ఖైదీ కథ. దక్షిణాఫ్రికాలో గణితం బోధించే జాన్ కెరిక్ 1940లో డెన్మార్కులో వుండగా జర్మను సేనలు ఆ దేశాన్ని ఆక్రమించుకున్నాయి. ఆయన్ని నిర్బంధ శిబిరంలో పెట్టారు. అక్కడ ఆయన ఒక నాణెం పదివేలసార్లు ఎగరేయించి, పడిందల్లా రాసిపెట్టారు. మొదటి నూరింటిలో బొమ్మలు 44. అంటే సగానికి ఆరు తక్కువ. పదివేలు పూర్తయ్యేసరికి బొమ్మలు 5,067. అంటే సగానికి 67 ఎక్కువ. తేడా ఆరునుంచి అరవైయేడుకు పెరిగిందన్నమాట! అయినా నూటికి 44గా వున్నది నూటికి 50.67 అయి, సగానికి దగ్గరపడింది. నాణెం పాతబాకీ లెక్కచూసి తీర్చలేదు. తరవాత వచ్చిన వేలల్లో ఆ తేడా తేలికైపోయింది. చారెడు ఉప్పు చెంబెడు నీళ్ళలో వేస్తే నోట పెట్టుకోలేం. చెరువులో వేస్తే తెలియనే తెలియదు. అంతమాత్రాన ఉప్పును ఎవరూ తీసెయ్యలేదు గదా!

"రూపాయి సంగతి సరేనమ్మా. బిడ్డలు పుట్టడం రూపాయి ఆటా?" అన్నారు మామ్మగారు.

న్యాయమైన మాటే. గూట్లోంచి ఒక గవ్వ తెప్పించాను. గవ్వకు వీపు గుండ్రం, పొట్ట బల్లపరుపు. అది వెల్లకిలా పడే అవకాశం సగమని ఎవరు చెప్పగలరు? వేసి, లెక్కపెట్టి తెలుసుకోవలసిందే. కాన్పుల సంగతీ అంతే, లెక్కపెట్టే తెలుసుకున్నారు. 1710లో ఆర్బత్నట్ అనే వైద్యుడు లండను నగరంలో 82 ఏళ్ళ బాప్టిజం లెక్కలు తిరగేసి చూస్తే, ప్రతి ఏడూ మగశిశువులే కొంచెం ఎక్కువ. సహజంగా నూరుగురు ఆడపిల్లలకు దాదాపు 105 మంది మగపిల్లలు పుడతారని తరవాతి లెక్కలూ చెప్పాయి. అంటే సగానికి ఒక్క పిసరు పైన. ఆ పిసరు మొదటి కాన్పుకీ అంతే, నాలుగోదానికీ అంతే. ముందు ముగ్గురూ ఆడపిల్లలే గదా అని అది పెరగదు.

మామ్మగారు మారుమాట్లాడలేదు. మనమరాలి చేతిలో రూపాయి తీసుకుని తానే ఎగరెయ్యడం మొదలుపెట్టారు. పిల్ల పక్కన కూర్చుని రాసింది. దీపాలవేళకు నూరూ పూర్తయ్యాయి. సున్నలు పదమూడు, వాటిలో బొమ్మలు ఆరు.

"దీనికి బొత్తిగా జ్ఞాపకం లేదే!" అంటూ ఆవిడ రూపాయిని కొంగున ముడేసుకున్నారు. కోడలు ఆ అయిదు కాగితాలూ మడిచి పుచ్చుకుంది. "రాత్రి ఆయనకు చూపిస్తానండీ" అంది. ఇక ఆలోచించుకోవలసింది వాళ్ళిద్దరూ; అడగవలసింది డాక్టర్ని.

ఈ ఆదివారం మీ ఇంట్లోనూ పిల్లల చేత ఈ పని చేయించి చూడండి. ముందు ఊహ రాయించడం మరిచిపోకండి. అది లేకపోతే ఆశ్చర్యమూ లేదు, పాఠమూ లేదు. రూపాయి తరవాత గవ్వ, గవ్వ తరవాత చింతపిక్క. ఏది ఎంతలో ఎంత పడుతుందో వాళ్ళనే తేల్చనివ్వండి.

అన్నట్టు, ఆ రోజు నలుగురి కాగితాలూ దిద్దాను. నూటికి నూరు మార్కులు "ఏమో" అని రాసిన పిల్లకే వేశాను.