తాడిచెట్టు చేసిన తప్పేమి?

తాటిచెట్టు క్రింద కూర్చుండి పాలు త్రాగినను కల్లే యందురని తెలుగు సామెత. లోకాపవాదమునకు వెఱచి నడచుకొనవలెనని బోధించుటకై పెద్దలు దీనిని చెప్పిరి. పాలు త్రాగినవాని నిర్దోషిత్వమును గూర్చి సామెత కొంత జాలిపడినది గాని, చెట్టు నిర్దోషిత్వమును గూర్చి ఒక్క మాటయు చెప్పలేదు. పాలు త్రాగినవాడు లేచిపోయి మఱియొక చెట్టు నీడను కూర్చుండవచ్చును. తాడిచెట్టునకు ఆ వెసులుబాటు లేదు. తరతరములుగా ఆ నిందను మోయుచు అది తెలుగు పల్లెల చెఱువుగట్ల మీదను, పొలముగట్ల మీదను నిలిచియున్నది. ఇప్పుడు ఆ నిలుకడకే ముప్పు వచ్చినది.

పూర్వులకు ఈ చెట్టుపట్ల ఇట్టి చిన్నచూపు లేదు. కురుపితామహుడైన భీష్ముని రథముపై ఎగిరినది తాళధ్వజము. బలరాముడును తాళధ్వజుడే. భాగవత దశమస్కంధమున గోపబాలురు తాటిపండ్లకు ఆశపడగా, తాళవనమును ఆక్రమించుకొనియున్న గార్దభరూపుడగు ధేనుకాసురుని వధించి ఆ పండ్లను వారికి దక్కించినవాడు ఆ బలరాముడే. తాడేపల్లి, తాడికొండ, తాళ్ళపూడి, తాళ్ళరేవు వంటి ఊరి పేళ్ళలో ఈ చెట్టు పేరే వినవచ్చుచున్నది. పదకవితా పితామహుడైన అన్నమాచార్యుని యింటి పేరును తాళ్ళపాకయే. కమ్మ యను మాటను చూడుడు. కమ్మ యనగా తాటాకు. ఆ యాకుమీద వ్రాసి పంపిన లేఖయు కమ్మయే. ఆకును చుట్టగా చుట్టి చెవికి పెట్టుకొన్న నగయు కమ్మయే. తరువాతి కాలమున బంగారముతో చేయించుకొన్నను స్త్రీలు దానిని కమ్మ యనుట మానలేదు.

తెలుగు చదువుకొన్న ప్రతివాడును ఈ చెట్టునకు అప్పుపడియున్నాడు. 11వ శతాబ్దిలో నన్నయ రాజమహేంద్రవరమున భారతాంధ్రీకరణమునకు పూనుకొన్న నాటినుండి అచ్చుయంత్రము వచ్చువరకును, తెలుగు వాఙ్మయమును మోసినది చాల వఱకు తాటాకే. లేతయాకులను కోసి, ఉడికించి, ఆరబెట్టి, నునుపుచేసి, సమముగా కత్తిరించి, రంధ్రము చేసి త్రాటితో కట్టెడివారు. ఘంటముతో ఆకుపై గీచిన అక్షరములు కంటికి కనబడుటకు మసి పూసెడివారు. ఈనెవెంట తిన్నని గీత గట్టిగా గీచినచో ఆకు చీలును గనుక తెలుగులిపి గుండ్రదనము తాల్చినదని పలువురు పండితుల యభిప్రాయము. 19వ శతాబ్దిలో బ్రౌను దొర ఊరూర వెదకి తెప్పించి, లేఖకులచేత ప్రతులు వ్రాయించి కాపాడిన గ్రంథములకు తాళపత్రములే మాతృకలు. నేటికిని చెన్నపట్టణపు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమునను, తంజావూరి సరస్వతీమహలునందును పరిష్కర్తల కొఱకు ఎదురుచూచుచున్నవి ఈ తాటాకు కట్టలే. బడిలో పద్యము చెప్పెడి ఉపాధ్యాయుడు, ఆ పద్యము తనవద్దకు ఏ దారిని వచ్చినదో కూడ పిల్లలకు చెప్పవలదా?

ఆకు సంగతి యటుండగా, ఏడాది పొడుగునను ఈ చెట్టు పెట్టెడి తిండి సామాన్యము కాదు. చైత్ర వైశాఖములలో ముంజెలు వచ్చును. సాధారణముగా ఒక్కొక్క కాయలో మూడు కన్నులుండును; మండుటెండలో బొటనవ్రేలితో పొడిచి తిన్న ముంజెకు సాటిరాగల చలువ పదార్థము బజారులో లేదు. శ్రావణ భాద్రపదములలో పండు రాలును. దాని పసుపుపచ్చని గుజ్జును కాల్చికొని తినవచ్చును, రొట్టె చేయవచ్చును, తాండ్రగా ఆరబెట్టవచ్చును. తిని పాఱవేసిన టెంకలను పాతరవేసినచో కార్తికము మొదలు సంక్రాంతి వఱకు తేగలు దొరకును. తేగకు అంటియున్న టెంకను పగులగొట్టినచో లోపల తెల్లని బుర్రగుంజు దొరకును. ఒక్క పండు మూడుమారులు, మూడు రూపములలో, మూడు ఋతువులలో ఆకలి తీర్చుచున్నదన్నమాట. నీరు పెట్టి, ఎరువు వేసి, మందు చల్లి పెంచిన తోటలేవియు ఇంతకన్న ఎక్కువ చేయుచున్నవా? తాడికి ఎవ్వరును నీరు పోయలేదు.

తక్కిన యంగములును అంతే. ఆకు ఇంటికి కప్పు, చేతికి విసనకఱ్ఱ, తలకు గొడుగు, ధాన్యమునకు బుట్ట. మట్టనుండి నార, ఆ నారనుండి మోకులు, మంచములు. ముదురు మ్రాను ఇంటికి దూలము, వాసము. తొలిచిన మ్రాను పొలమునకు నీరు పెట్టుటకును, కొల్లేటిలో తిరుగుటకును దోనె. పూర్వము కోస్తా పల్లెలలో పేదవాడు తాటిదూలము క్రింద పుట్టి, తాటియాకు నీడను పెరిగి, తాటిపండు తిని, తాటినార మంచముపై కన్ను మూసెడివాడన్నచో అతిశయోక్తి కాదు.

ఇక అపవాదునకు మూలమైన రసమును గూర్చి విచారింపవలెను. చెట్టునుండి స్రవించునది కల్లు కాదు, నీరా. అందులో నూటికి 10 మొదలు 13 పాళ్ళవఱకు చక్కెర యుండును. లొట్టి లోపల సున్నము పూసి, తెల్లవాఱకముందే దింపినచో అది తియ్యని పానీయము, కాచినచో బెల్లము, మఱికొంత శ్రమపడినచో కలకండ. సున్నము పూయక ఎండ ఎక్కనిచ్చినచో గాలిలోని సూక్ష్మజీవులు చేరి పులియబెట్టును, అప్పుడది కల్లగును. మత్తు చెట్టులో లేదు. మనుష్యుడు కోరుకొన్న ఆలస్యములో ఉన్నది. గాంధీజీ ఈ భేదమును చక్కగ గుర్తించెను. మద్యమును అంత గట్టిగా వ్యతిరేకించిన ఆయన తాటిబెల్లపు పరిశ్రమను అంత గట్టిగానే ప్రోత్సహించెను. చెట్టును నఱికివేయుట మద్యనిషేధము కాదని ఆయన యెఱుగును.

ఈ భేదమును పాటింపకపోవుటచే కలిగిన కష్టము తెలుగువారి చరిత్రలోనే యున్నది. మద్రాసు రాష్ట్రమున 1937లో సేలము జిల్లాలో మొదలైన మద్యనిషేధము కాలక్రమమున తక్కిన జిల్లాలకును వ్యాపింపగా, గీతవృత్తిపై బ్రతుకు కుటుంబములు వీధిని పడినవి. ఉద్దేశము మంచిదే. కాని మోకు దింపినవాని చేతికి బెల్లపు పెనము నందించు ఏర్పాటు తగినంతగా జరుగలేదు. 1953లో ఏర్పడిన ఆంధ్రరాష్ట్రమునకు ఈ సమస్య వారసత్వముగా వచ్చినది. 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము అవిశ్వాస తీర్మానములో ఓడిపోయినది ఈ మద్యనిషేధపు చర్చమీదనే. వీధిలో ఎవ్వరును లక్ష్యపెట్టని చెట్టు శాసనసభలో ప్రభుత్వమును కదల్పగలిగినది.

నేడు తాడికి వచ్చిన ముప్పు వేఱొక తీరుది. పెంకుటిండ్లును మేడలును వచ్చి తాటాకు కప్పును తొలగించినవి. ప్లాస్టిక్కు వచ్చి బుట్టను, నారను తొలగించినది. రోడ్డు వెడల్పు చేయుటకును, స్థలములుగా పొలములను విడదీయుటకును, ఇటుకబట్టీలకును చెట్లు కూలుచున్నవి. కూలిన చెట్టు స్థానమున మొక్క నాటువారు అరుదు. తాడి తొందరపడి పెరుగునది కాదు. పూతకు వచ్చుటకు పండ్రెండు మొదలు ఇరువది యేండ్లు పట్టును. అది పోతుతాడో పెంటితాడో అప్పుడుగాని తెలియదు. అరగంటలో కోతయంత్రము పడవేసిన దానిని తిరిగి నిలుపుటకు ఒక తరము కావలెను.

ఇచట ఒక ఆక్షేపణ కలదు. చెట్టెక్కి పడి చచ్చినవారెందఱో, నడుములు విఱిగి మంచము పట్టినవారెందఱో. ఆ వృత్తి అంతరించుటయే మేలు గదా యని కొందఱందురు. గీతకార్మికుని కుమారుడు చదువుకొని వేఱొక పనికి పోవుట న్యాయమే. అతనిని మోకుతో చెట్టునకు కట్టివేయు హక్కు ఎవ్వరికిని లేదు. కాని ఆ ఆక్షేపణ ప్రాణములకు తెగించి యెక్కవలసిన పద్ధతికి తగులును గాని చెట్టునకు తగులదు. సురక్షితముగా ఎక్కుటకు సాధనములు కలవు. వానిని అందఱికిని అందించి, శిక్షణ యిచ్చి, నీరాకును బెల్లమునకును న్యాయమైన ధర కల్పించినచో, ఇష్టమున్నవాడు గౌరవముతో ఆ పని చేసికొనును. తూర్పుకనుమల చెంత పందిరిమామిడి ఉద్యాన పరిశోధన స్థానమున తాడిని గూర్చి పరిశోధనలు జరిగినవి. హైదరాబాదున హుస్సేనుసాగరు తీరమందు 2023లో నీరా విక్రయశాల వెలసినది. ఇవి మంచి యారంభములే. పల్లెలోని చెట్టువఱకు రావలెను. తమిళనాడునందు తాడి రాష్ట్రవృక్షము. కలెక్టరు అనుమతి లేక దానిని కొట్టరాదని అచటి ప్రభుత్వము 2021లో ప్రకటించినది. ఆకుపై అక్షరము దిద్దుకొన్న తెలుగువారికి ఆపాటి కృతజ్ఞత బరువు కారాదు.

ప్రభుత్వము చేయవలసినది ప్రభుత్వము చేయునుగాక. పాఠశాల చేయదగినది ఒకటి కలదు; దానికి ఖర్చు లేదు. తాటిటెంక మొలకెత్తు తీరు వింతయైనది. మొలక ముందుగా మీదికి రాదు; మూరెడు లోతునకు నేలలోనికి దిగి, అచట వేరు పాదుకొనిన పిమ్మటనే ఆకు పైకి వచ్చును. అందువలన మొక్కను పెఱికి వేఱొక చోట నాటుట కష్టము. టెంకను పెరుగవలసిన తావుననే పాతవలెను. భాద్రపదమున పండ్లు రాలినపుడు పిల్లలు టెంకలను ఏఱి తెచ్చి, పెద్దల యనుమతితో చెఱువుగట్టున పాతుట ప్రకృతిశాస్త్రమునకు పాఠము. ఊరిలో తాడిపేరుగల మాటలను, సామెతలను, పనిముట్ల పేళ్ళను తాతలనడిగి వ్రాసికొనుట తెలుగునకు పాఠము. ఈ రెండును ఒక్క నెలలో జరుగదగినవే.

నేడు పదియేండ్ల పిల్లవాడు పాతిన టెంక పూతకు వచ్చునప్పటికి వాడు ముప్పదికి చేరువైన గృహస్థగును. ఆ చెట్టు ముంజెలు వాని పిల్లలు తిందురు. ఫలమును తాను చూడకయే పాఠము చెప్పుట ఉపాధ్యాయవృత్తికి అలవాటైన పనియే గనుక, తాడిని నాటుమని బాలురకు చెప్పుటకు ఉపాధ్యాయునికన్న తగినవాడు వేఱొకడు లేడు.