సిరా పూలకి ఫ్రేమెందుకు?

పోయినేడు వేసవి సెలవుల్లో అమ్మాయి పాత పుస్తకాలు సర్దుతుంటే రాయల్ బ్లూ ఇంకు బుడ్డి దొరికింది, సగానికి పైగా ఉంది. దస్తూరీ బాగుపడుతుందని టీచరుగారు ఇంకు పెన్నుతో రాయమన్నారట, మూణ్ణెల్లు రాసి వదిలేసింది. పారబోయడానికి నాకు మనసొప్పలేదు. మా నాన్నగారి రత్నం పెన్ను, అదే, 1935లో గాంధీగారు మెచ్చుకుంటూ ఉత్తరం రాశారే, ఆ రాజమండ్రి వాళ్లది, బీరువాలో ఉంది గానీ పాళీ వంగిపోయింది. సరే, బ్రష్షు పట్టుకున్నాను.

కాగితం కాస్త తడిపి రెండు చుక్కలు వేస్తే చాలు, ఇంకు తనంతట తానే పాకుతుంది. నీళ్లెక్కువైన చోట లేత నీలం, ఆరేసరికి అంచున ముదురు గీత. అచ్చం శంఖుపువ్వు రేకే! మధ్యలో తెల్లమచ్చ కావాలంటే నీళ్లలో ఒక చుక్క బట్టల బ్లీచ్ కలిపి, పాత నైలాన్ బ్రష్షుతో అంటిస్తే అక్కడ నీలం చెరిగిపోతుంది. (కిటికీలు తీసి ఉంచండి. బాత్రూం కడిగే యాసిడ్‌ని మాత్రం దాని దగ్గరకి రానివ్వకండి.) నల్ల ఇంకయితే ఇంకా చిత్రం. చాలా నల్ల ఇంకులు రెండు మూడు రంగులు కలిపి చేసినవే. తడి తగలగానే దేని దారిన అది పోయి ఒక పక్క నీలం, ఒక పక్క ఊదా తేలతాయి. రూళ్ల పుస్తకం పనికిరాదు, ఇంకు అవతలికి దిగిపోతుంది. మెరుపు లేని దళసరి శుభలేఖల వెనకవైపు బాగుంటుంది. వాటికేం కరువు మనిళ్లల్లో!

చూసిన వాళ్లందరూ సలహా ఇచ్చినవాళ్లే. "ఫ్రేం కట్టించు వదినా" అంది మా ఆడపడుచు. "ఆర్డర్లు తీసుకోకూడదూ, చేతి ఖర్చులకి వస్తాయి" అంది పక్కింటావిడ. అభిమానంతోనే అన్నారు, కాదనను. నేనూ పొంగిపోయి శంఖుపూలకి ఫ్రేం కట్టించి హాల్లో కిటికీ ఎదురుగా తగిలించాను. ఉగాదికి పెట్టిన బొమ్మ దసరా నాటికి వెలిసిపోయి పెన్సిల్ గీతలు మిగిలాయి. యూనిఫాం మీద పడితే ఉతుక్కోవడానికి వీలుగా చేసిన రంగు మరి, వెలుతురుకి ఆగుతుందా?

"అందుకే మంచి రంగులు కొనుక్కుని, క్లాసుకెళ్లి పద్ధతిగా నేర్చుకోమన్నాను" అన్నారు మావారు.

నాకా మాటే నచ్చలేదు. ఆడవాళ్ల చేతిలో అల్లిక కనబడినా, బొమ్మ కనబడినా మొదటి ప్రశ్న ఎక్కడ పెడతావు, రెండోది ఎంతకి అమ్ముతావు. ఆదివారం మధ్యాహ్నం పేకాడే మగవాణ్ణి ఎవరైనా అలా అడిగారా? సంపాదన అవసరమైన వాళ్ల సంగతి వేరు, వాళ్లు నిలిచే రంగులే కొనాలి. వెలిసిపోయే బొమ్మ అమ్మితే మోసమే కదా. నాకు మాత్రం అంట్లు తోమాక పిల్లలు బడి నుంచి వచ్చేలోగా దొరికే అరగంట చాలు. పొద్దున్న వేసిన ముగ్గు మధ్యాహ్నానికి కాళ్ల కింద చెరిగిపోతుంది. దానికెవరూ ఫ్రేం కట్టమనరే! పత్రికకి పంపిన కథ తిరిగొస్తే రెండ్రోజులు అన్నం సహించదు నాకు. ఈ పూలని ఎక్కడికీ పంపను, అవి తిరిగి రావు.

ఇప్పుడన్నీ ఒక దళసరి పుస్తకంలో వేసి బీరువాలో పెడుతున్నాను. వెలుతురు తగలదు గనక మొదట వేసినవి కూడా ఇంకా నీలంగానే ఉన్నాయి. ఖాళీ ఫ్రేములో అత్తయ్యగారు మామయ్యగారి ఫొటో పెట్టుకున్నారు. మొన్న మా అమ్మాయి పక్కన చేరి, "ఆ ఇంకు నాదే కదమ్మా, నాకూ ఒక పేజీ ఇవ్వవా?" అంది.

ఎడమవైపు పేజీ ఇచ్చాను.