బలహీనుని అడుగే బిడారు నడక

ఆత్మకూరు వారికి ప్రయాణమంటే మొదట గుర్తుకు వచ్చేది నల్లమల. దోర్నాల దారిలో రాత్రివేళ వాహనాలను ఆపివేస్తారు కనుక, బయలుదేరే సమయాన్ని ముందే లెక్కించుకోవటం మనకు అలవాటు. అయినా గత శీతాకాలపు సెలవుల్లో అండమాన్ దీవులకు వెళ్ళినపుడు మేము ఒక ముఖ్యమైన లెక్కను మరచిపోయాము. మేము ఎనిమిది మందిమి. అందరిలో పెద్దవారు మోకాళ్ళ నొప్పులతో బాధపడే దాదీమా. అందరిలో చిన్నది మూడేళ్ళ పాప.

చెన్నై నుండి విమానంలో శ్రీ విజయపురం (పూర్వపు పోర్ట్ బ్లెయిర్), అక్కడి నుండి ఓడలో స్వరాజ్ ద్వీప్ చేరాము. హేవ్‌లాక్ అని అందరూ ఇప్పటికీ పిలిచేది ఆ దీవినే. రేవు నుండి రాధానగర్ సముద్రతీరం సుమారు 12 కిలోమీటర్లు. అద్దె స్కూటర్లు, ఆటోలు, కార్లు ఉన్నాయి. బస్సు కూడా ఉంది గాని దాని వేళలు తక్కువ. ఇంట్లోని యువకులు స్కూటర్లనే కోరుకున్నారు. ఖర్చు తక్కువ, ఇష్టమైన చోట ఆగవచ్చు. మూడు స్కూటర్లు ఆరుగురికి సరిపోయాయి.

“మీరు వెళ్ళిరండి బేటా, పాపను నేను చూసుకుంటాను” అన్నారు దాదీమా. ఆ మాటను మేము అంగీకారంగా భావించాము. చీకటి పడ్డాక తిరిగి వచ్చేసరికి ఆమె వరండాలో తస్బీహ్ పట్టుకొని కూర్చొని ఉన్నారు. పాప ఒడిలో నిద్రపోయింది. “సముద్రం ఎలా ఉంది?” అని ఆమె అడిగారు. ఇంత దూరం వెంట తెచ్చి, చివరి 12 కిలోమీటర్ల దగ్గర ఆమెను విడిచిపెట్టామని మాకప్పుడు అర్థమయింది.

దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) ప్రయాణాల్లో బిడారుకు వెనుకగా ఉండి, బలహీనులను ముందుకు నడిపించేవారని, వారిని తమ వాహనంపై ఎక్కించుకొనేవారని, వారి కొరకు దుఆ చేసేవారని సునన్ అబూదావూద్‌లోని ఉల్లేఖనం తెలుపుతున్నది. ముగ్గురు ప్రయాణమైతే ఒకరిని అమీరుగా ఎన్నుకోవాలన్న బోధన కూడా అందులోనే ఉంది. మేము అమీరును ఎన్నుకోలేదు, మష్వరా జరపలేదు. ఉత్సాహం ఎక్కువగా ఉన్నవారి మాటే నెగ్గింది.

ఆ రాత్రి ఇషా తరువాత అందరం కూర్చున్నాము. దాదీమా ఎక్కగలిగే బండి ఏది అన్న ప్రశ్నతో మొదలుపెట్టగానే మిగిలినవన్నీ వాటంతటవే తేలిపోయాయి. మరునాడు రెండు ఆటోలు మాట్లాడుకొని, కిరాయి, వేచి ఉండే సమయం ముందే తేల్చుకున్నాము. ఒక ఆటో నడిపే ఆయన పెద్దలు శ్రీకాకుళం నుండి వలస వచ్చినవారట. “అమ్మగారిని ఇసుక దాకా దించుతాను, మీరు కంగారుపడకండి” అని తెలుగులో ఆయన అన్న మాట మాకెంతో ధైర్యాన్నిచ్చింది.

అక్కడికి వెళ్ళదలచిన కుటుంబాలకు మా అనుభవం నుండి కొన్ని మాటలు. షహీద్ ద్వీప్ (నీల్) చిన్న దీవి. ఆరోగ్యవంతులకు సైకిలు చాలు, పెద్దలకు ఆటో మేలు. స్కూటరు తీసుకుంటే లైసెన్సు, హెల్మెట్ తప్పనిసరి. ఒక బండిపై ముగ్గురు ఎక్కరాదు. అద్దె బండి మన చేతిలోని అమానతు. ఆ దీవులు మనకు బాగా తూర్పున ఉన్నందున సూర్యోదయ సూర్యాస్తమయాలు దాదాపు గంట ముందే జరుగుతాయి. డిసెంబరులో సాయంత్రం ఐదు గంటల ప్రాంతంలోనే మగ్రిబ్ వేళ అవుతుంది. మన ఊరి నమాజు పట్టిక అక్కడ పనికిరాదు. చీకటి దారిలో కొత్తవారు స్కూటరు నడపటమూ క్షేమం కాదు. బారాటాంగ్ వెళ్ళే దారి జారవాల అడవి గుండా సాగుతుంది. జిర్కాటాంగ్ వద్ద వాహనాలను ఒక వరుసగా పంపుతారు. మధ్యలో ఆగటం, ఫోటోలు తీయటం నిషిద్ధం. చెంచుగూడేల పొరుగున బ్రతికే మనకు ఆ మర్యాదను ఒకరు నేర్పవలసిన పని లేదు.

వాహనమెక్కేటపుడు చదివే దుఆ సూరయె జుఖ్రుఫ్ 13, 14 ఆయతుల నుండి వచ్చింది. వాహనాన్ని మనకు లోబరచినవాడు అల్లాహ్ అని అది గుర్తుచేస్తుంది. రెండవ రోజు ఆటోలో ఆ దుఆను దాదీమా పలికించగా అందరం పలికాము. ఒక గంట తరువాత ఆమె పాప చేయి పట్టుకొని అలల్లో పాదాలు తడుపుకుంటూ నిలబడ్డారు. సముద్రం ఎలా ఉందని ఆ సాయంత్రం ఆమె ఎవరినీ అడగలేదు.