జీతం లేని చదువు
కూలి కోసం కాక ఇష్టంతో చేసే పని కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డకు, దాని చుట్టుపక్కల సీమకు కొత్త కాదు. గద్వాల, వనపర్తి సంస్థానాలు పండితులను ఆదరించాయి. సురవరం ప్రతాపరెడ్డి 1934లో వెలువరించిన తెలంగాణ కవుల సంకలనం గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులు కనిపిస్తారు. వారిలో చాలామందికి కవిత్వం కూడు పెట్టిన వృత్తి కాదు. నాగర్‌కర్నూలు ప్రాంతపు కపిలవాయి లింగమూర్తి (1928–2018) తెలుగు బోధిస్తూనే ఊరూరా తిరిగి పాలమూరు స్థలచరిత్రలు సేకరించారు. అభిరుచిని కాలక్షేపమని కొట్టిపారేయడం ఎంత తప్పో చెప్పడానికి ఈ ఒక్క జీవితం చాలు. నేటి అభిరుచులకూ అంతే శ్రద్ధ కావాలి. జర్మన్ భాష నేర్చుకునేవారు నామవాచకాల మూడు లింగాలు కంఠతా పట్టాల్సిందే. అయితే ఉపవాక్యంలో క్రియ చివరికి వెళ్లడం తెలుగువారికి పరాయిగా తోచదు. బేకింగ్‌కు దిగితే ఇంటి జొన్నపిండి మొండికేస్తుంది: గ్లూటెన్ లేనందున ఈస్ట్ పుట్టించే వాయువును అది పట్టి ఉంచలేదు, గోధుమపిండి కలపాలి. ఎండాకాలంలో ముద్ద తొందరగా పొంగుతుంది కాబట్టి ఈస్ట్ తగ్గించాలి. పాత కంప్యూటర్‌లో ర్యామ్ పెంచి, లినక్స్ ఎక్కిస్తే అది మళ్లీ పనికొస్తుంది. విప్పి బిగించినవారికి యంత్రం అర్థమవుతుంది. ఇలా విప్పి బిగించడానికి కావలసినవి చోటు, పనిముట్లు. వనపర్తి రాజభవనంలో 1959లో పాలిటెక్నిక్ మొదలైంది. అలాంటి కళాశాలల వర్క్‌షాపులను సాయంత్రాలు పట్టణవాసులందరికీ తెరవాలి.