బడి దగ్గర ఇల్లు: సంతకానికి ముందు ఒక లెక్క



వేసవి సెలవులు వచ్చాయంటే పల్లెల్లోని ఎన్నో ఇళ్ళలో ఒకే మాట నడుస్తుంది. "పిల్లలు ఎదుగుతున్నారు. ఇక్కడి చదువు చాలదు. ఉన్న పొలంలో కొంత అమ్మి, పట్నంలో మంచి బడి దగ్గర ఇల్లు కొనుక్కుంటే బాగుండును" అని. మెదక్, కామారెడ్డి వైపు కుటుంబాలలో ఈ మాటతో పాటు ఒక ఊరి పేరు కూడా వినబడుతూ ఉంటుంది. అది కండ్లకోయ. ఆ దిక్కు నుండి నాగపూరు రహదారి మీద వచ్చేవారికి మేడ్చల్ దాటగానే తగిలే ఊరు. నగరం నడిమధ్య కొనలేనివారు "ఇక్కడైనా మనకు అందుతుందేమో" అని ఆశతో చూచే ఊరు.

పిల్లల చదువు కోసం తల్లిదండ్రులు కష్టపడడం మెచ్చుకొనదగినదే. అయితే పొలం ఒకసారి అమ్మితే తిరిగి రాదు. బ్యాంకు అప్పు ఒకసారి తలకెత్తుకుంటే ఇరవై ఏండ్లు దిగదు. గనుక సంతకం పెట్టకముందే భార్యాభర్తలు కలిసి చేయవలసిన లెక్క ఒకటి ఉన్నది. ఈ నెల దానిని గూర్చి ఆలోచిద్దాం.

మొదట ఊరి సంగతి చూద్దాం. మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతం ఒకప్పుడు ద్రాక్ష తోటలకు పేరుపొందినది. 2002లో కండ్లకోయలో సీఎంఆర్ ఇంజనీరింగు కళాశాల వచ్చింది. 2018 మే నెలలో కండ్లకోయ కూడలి దగ్గరి చివరి ముక్క పూర్తి కావడంతో 158 కిలోమీటర్ల బాహ్య వలయ రహదారి మొత్తం ఒకటిగా కలిసింది. 2022 ఫిబ్రవరిలో ఇక్కడ ఐటీ పార్కుకు శంకుస్థాపన జరిగింది. 2023 ఏప్రిల్‌లో సికింద్రాబాద్ నుండి మేడ్చల్ వరకు ఎంఎంటీఎస్ రైలు మొదలైంది. 2025 జనవరిలో ప్యారడైజ్ నుండి మేడ్చల్ వరకు మెట్రో మార్గానికి ప్రణాళిక నివేదిక తయారు చేయమని ముఖ్యమంత్రి ఆదేశించారు. 2025 డిసెంబరులో, కండ్లకోయ ఉన్న గుండ్లపోచంపల్లి పురపాలక సంఘం గ్రేటర్ హైదరాబాద్‌లో విలీనమైంది.

వీటిలో కొన్ని కంటికి కనబడేవి, కొన్ని కాగితం మీదివి. వలయ రహదారి మీద బండ్లు తిరుగుతున్నాయి. మెట్రో విషయంలో మాత్రం 2025లో వచ్చినది నివేదిక కొరకు ఆదేశం. కానీ అమ్మేవారు రెండింటినీ ధరలో కలిపి చెబుతారు. మీరు మాత్రం నేడు నడిచే బస్సుకు, నేడు ఆగే రైలుకు వెల కట్టండి. రాబోయేదానికి వచ్చినప్పుడు సంతోషించవచ్చును.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. బడి దగ్గర ఇల్లు కొంటే మనకు దొరికేది ఏమిటి?

అమెరికాలో ఉన్న బంధువులు ఫోనులో "ముందు మంచి బడి ఉన్న చోట ఇల్లు తీసుకోండి" అని సలహా ఇస్తుంటారు. వారి దేశంలో అది సరియైన మాటే. అక్కడ ఏ వీధిలో నివసించే పిల్లవాడు ఏ ప్రభుత్వ బడికి వెళ్ళాలో చాలా చోట్ల చిరునామాను బట్టి నిర్ణయమౌతుంది. ఆ బడిలో ఫీజు ఉండదు. బడి ఖర్చులో పెద్ద భాగం ఇంటి పన్నుల నుండే వస్తుంది. అందుకే న్యూజెర్సీలోని ఎడిసన్‌లో గాని, టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో గాని మన తెలుగువారు బడిని చూచి ఇల్లు కొంటారు. అక్కడ ఇంటి ధరలోనే చదువు ధర కలిసి ఉన్నది.

మన దగ్గర అలా కాదు. ప్రైవేటు బడి ప్రక్కనే ఇల్లు కొన్నా సీటు మీద మీకు హక్కు రాదు, ఫీజు తగ్గదు. ప్రభుత్వ బడిలో చేర్చడానికి సొంత ఇల్లే ఉండనక్కరలేదు, అద్దె ఇల్లు చాలును. అంటే ఇక్కడ ఇంటికి ఒక ధర, చదువుకు మరొక ధర. రెండూ వేరువేరుగా కట్టవలసిందే. బడి దగ్గర ఇల్లు మనకు ఇచ్చేది ఒక్కటే, దూరం తగ్గడం.

అది చిన్న విషయమని అనడం లేదు. రోజూ రెండు గంటలు బస్సులో కూర్చునే బిడ్డకు ఆ రెండు గంటలు నిద్రకో ఆటకో మిగిలితే ఎంతో మేలు. అయితే దూరాన్ని కిలోమీటర్లలో కాక కాలినడకన కొలవండి. కండ్లకోయ వంటి చోట ఊరిని ఆనుకొని 44వ నంబరు జాతీయ రహదారి పోతుంది. రాత్రింబవళ్ళు లారీలు తిరిగే దారి. "బడి కిలోమీటరే" అని చెప్పే ఇంటికీ ఆ బడికీ నడుమ ఈ రహదారి అడ్డం ఉంటే, పదేండ్ల పిల్లవాడు దానిని ఒంటరిగా దాటగలడా? క్రింది నుండి దారి ఎక్కడ ఉన్నది? చుట్టు తిరిగితే ఎంత దూరం? ఉదయం ఎనిమిది గంటలకు మీరే ఒకసారి నడిచి చూడండి. ఆదివారం మధ్యాహ్నం మధ్యవర్తి కారులో కూర్చుని చూస్తే ఇది తెలియదు.

ఇక లెక్క. గోపురం కట్టదలచినవాడు ముందుగా ఖర్చు చూచుకొనే ఉపమానం మనం సంఘములో ఎన్నోసార్లు విన్నదే. చాలా కుటుంబాలు ఇంటి లెక్క ఒకరోజు, బడి లెక్క మరొకరోజు చేస్తాయి. విడివిడిగా చూస్తే రెండూ మోయగలిగినట్లే కనబడతాయి. ఒకే కాగితం మీద వ్రాస్తేనే నిజం బయటపడుతుంది. లెక్క పద్ధతి తెలియడానికి ఒక ఉదాహరణ తీసుకొందాం. అంకెలు మీ పరిస్థితిని బట్టి మార్చుకొనండి.

ఇంటి ధర 50 లక్షలు అనుకొందాం. ఈ స్థాయి అప్పుకు బ్యాంకు ధరలో 80 శాతం మించి ఇవ్వదు. అంటే అప్పు 40 లక్షలు, మన చేతి నుండి 10 లక్షలు. తెలంగాణలో 2021 జూలై నుండి స్టాంపు, రిజిస్ట్రేషను ఖర్చులన్నీ కలిపి 7.5 శాతం. అది 3 లక్షల 75 వేలు. ఇది సాధారణంగా అప్పులో కలవదు. ఇంకా కడుతూ ఉన్న ఫ్లాటు అయితే జీఎస్టీ 5 శాతం, అంటే మరో రెండున్నర లక్షలు. తలుపు తాళం చేతికి రాకముందే 16 లక్షలకు పైగా నగదు కావాలి.

ఆ 40 లక్షల అప్పుకు ఎనిమిదిన్నర శాతం వడ్డీతో ఇరవై ఏండ్ల గడువు అయితే నెల కిస్తు సుమారు 34,700 రూపాయలు. మొత్తం కట్టేది 83 లక్షలకు పైగా. తండ్రికి నలభై అయిదేండ్లు దాటితే బ్యాంకు గడువు తగ్గించవచ్చును, అప్పుడు కిస్తు పెరుగుతుంది. సేద్యం తప్ప వేరే ఆదాయం లేనివారికి, నెల జీతం చీటీ గాని ఆదాయపు పన్ను పత్రాలు గాని లేక అప్పు పుట్టడమే కష్టం.

దాని క్రిందనే బడి లెక్క వ్రాయండి. ఒక బిడ్డకు ఒకటవ తరగతిలో ఏడాదికి 60 వేలు ఫీజు అనుకొందాం. ఏటా పది శాతం పెరిగితే పదవ తరగతికి అది 1 లక్షా 41 వేలు అవుతుంది. పదేండ్లకు మొత్తం 9 లక్షల 56 వేలు. ఇద్దరు పిల్లలైతే 19 లక్షలు. మొదటి ఏడు కిస్తు, ఫీజు కలిపి నెలకు 44,700. ఇద్దరూ పై తరగతులకు వచ్చేసరికి ఫీజు ఒక్కటే నెలకు 23 వేలు దాటుతుంది. తిండి, మందులు, ఊరిలోని పెద్దవారి పోషణ ఇంకా ఈ కాగితం మీదికి రానేలేదు. ఇక్కడే చాలామంది ఇళ్ళలో బడి మాన్పించవలసి వస్తుంది. బడి కోసం కొన్న ఇల్లే బిడ్డను ఆ బడిలో నుండి తీసివేయిస్తే ఎంత బాధ!

మరొక సంగతి కూడా ఉన్నది. అప్పు ఇరవై ఏండ్లది, బడి అవసరం అంత పొడవైనది కాదు. అయిదవ తరగతి వరకు ఒక బడి బాగుంటుంది, ఆ తరువాత మరొకటి కావాలనిపిస్తుంది, ఇంటర్మీడియెట్‌కు కళాశాల ఇంకొక దిక్కున దొరుకుతుంది. మంచి ప్రధానోపాధ్యాయుడు వెళ్ళిపోతే పేరున్న బడి కూడా రెండేండ్లలో మారిపోతుంది. గనుక కొత్తగా వచ్చే కుటుంబం మొదట ఒక ఏడాది అద్దెకు ఉండడం మేలు. బడి నచ్చకపోతే బడి మార్చవచ్చును, వీధి నచ్చకపోతే ఇల్లు మార్చవచ్చును. నీళ్ళు వేసవిలో వస్తాయో లేదో, వానకాలంలో వీధి మునుగుతుందో లేదో ఆ ఏడాదిలోనే తెలిసిపోతుంది.

పల్లె విడిచి రావడం వల్ల పోయేవి కూడా లెక్కలో వేయండి. నవోదయ విద్యాలయాలలో కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ పిల్లలవి. అయితే మూడు, నాలుగు, అయిదు తరగతులు గ్రామంలోని బడిలోనే చదివి ఉండాలి. నాలుగవ తరగతిలో బిడ్డను పట్నానికి తెస్తే ఆ అవకాశం జారిపోతుంది. అలాగే 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం తెలంగాణలో స్థానికులకు 95 శాతం ఉద్యోగాలు ఉంటాయి. ఒకటి నుండి ఏడు తరగతులలో నాలుగేండ్లు ఏ జిల్లాలో చదివితే ఆ జిల్లాకే బిడ్డ స్థానికుడు. చిన్న తరగతులలో కండ్లకోయకు వస్తే మీ బిడ్డ మీ సొంత జిల్లా వాడు కాక మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా వాడు కావచ్చును. ఇది మంచిదా కాదా అనేది మీ కుటుంబ నిర్ణయం. తెలిసి నిర్ణయించండి.

చదువు కోసం కుటుంబమంతా కదలడమే దారి అని అనుకోనక్కరలేదు. మన తాతల కాలంలో ఎందరో పల్లె బిడ్డలు మిషను బోర్డింగులలో ఉండి చదివారు. తల్లిదండ్రులు పొలం విడువలేదు, బిడ్డ చదువు విడువలేదు. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు నల్లగొండ జిల్లా సర్వేలులో ప్రభుత్వ గురుకుల పాఠశాల మొదలైనది కూడా పల్లె పిల్లల కోసమే. నేడు గురుకులాలు ఎన్నో ఉన్నాయి. ఇల్లు చూడబోయే ముందు మీ మండలంలోని గురుకుల ప్రవేశ పరీక్షకు, నవోదయ పరీక్షకు దరఖాస్తు పెట్టారా అని మిమ్మల్ని మీరు ప్రశ్నించుకొనండి.

లెక్క అంతా చూచిన పిమ్మట కొనగలమని తేలితే తప్పక కొనండి. ఈ జాగ్రత్తలు మాత్రం విడువవద్దు.

ప్లాటు అయితే లేఅవుటుకు హెచ్ఎండీఏ అనుమతి ఉన్నదా చూడండి. పంచాయతీ అనుమతి ఒక్కటే చూపించి అమ్మిన ప్లాట్లతో ఎందరో చిక్కులలో పడ్డారు. పెద్ద అపార్టుమెంటు అయితే రెరా నమోదు సంఖ్య అడిగి, రెరా వెబ్‌సైటులో సరిచూడండి. చెరువు శిఖం భూమి గాని బఫరు గాని కాదని నిర్ధారించుకొనండి. 2024లో హైడ్రా ఏర్పడిన తరువాత చెరువుల హద్దులలో కట్టిన కట్టడాలను కూల్చడం అందరమూ చూచాము. ఈసీని, లింకు డాక్యుమెంట్లను అమ్మేవారి మనిషికి కాక మీరు ఎంచుకొన్న న్యాయవాదికి చూపించండి. బడి విషయంలో కూడా గుర్తింపు పత్రం అడగండి. సీబీఎస్ఈ అని బోర్డు ఉంటే అనుబంధ సంఖ్య అడిగి సరిచూడండి. రిజిస్ట్రేషను వీలైతే భార్యాభర్తలిద్దరి పేర చేయించండి. పొలం అమ్మవలసి వస్తే అంతా అమ్మవద్దు. ఊరిలో తిండిగింజలకు సరిపడే చెలక అయినా ఉంచుకొనండి. పట్నంలో పని పోయిన నాడు ఆ చెలకే ఆదుకుంటుంది.

ఈ నెలలోనే ఒక సాయంకాలం భోజనాలైన పిమ్మట కాగితం, కలం తీసికొని కూర్చోండి. చేతిలో ఉన్న నగదు, నెలకు నికరంగా వచ్చే ఆదాయం, కట్టవలసిన కిస్తు, పదేండ్ల ఫీజు అని నాలుగు వరుసలు వ్రాయండి. అమ్మమ్మను, నాయనమ్మను కూడా పిలిచి వినిపించండి. చదువుకునే బిడ్డ ఎదిగినవాడైతే వానిని కూడా అడగండి. మోయగలమని అందరి మనస్సుకు తోస్తే ధైర్యంగా ముందుకు సాగండి. మోయలేమని తేలితే సిగ్గుపడనక్కరలేదు. అద్దె ఇంట్లో ఉండి చదివిన బిడ్డ మార్కుల పత్రం మీద ఇంటి యజమాని పేరు ఎవరూ వ్రాయరు.